పది టన్నుల ఈఓటీ క్రేన్‌కు వైర్ రోప్ మార్పిడి, రీవింగ్: చేయించుకున్న పనిపై సమీక్ష

విశాఖపట్నం ఆటోనగర్‌లోని మా ఫ్యాబ్రికేషన్ షెడ్‌లో పది టన్నుల డబుల్ గిర్డర్ ఈఓటీ క్రేన్ (షెడ్ పైభాగంలో పట్టాల వెంట కరెంటుతో నడిచే, రెండు దూలాల క్రేన్) ఒకటి ఉంది. దాని హాయిస్ట్ (బరువు ఎత్తే యంత్రం) వైర్ రోప్‌ను, అంటే ఉక్కు తీగల తాడును తీసేసి, కొత్త రోప్‌ను డ్రమ్ము (రోప్ చుట్టుకునే పీపా) నుంచి పుల్లీల మీదుగా సరైన వరుసలో మళ్లీ ఎక్కించే రీవింగ్ పనిని స్థానికంగా క్రేన్ మరమ్మతులు చేసే ఒక చిన్న సంస్థకు అప్పగించాము. ఒక ఇంజనీరు, ఒక సీనియర్ ఫిట్టరు, ముగ్గురు ఖలాసీలు వచ్చి పని ముగించారు. ఇందులో మెప్పుతో పాటు గట్టి ఫిర్యాదు కూడా ఉన్నందువల్ల సంస్థ పేరు రాయడం లేదు. ఇలాంటి పనికి డబ్బు పెట్టబోయే షెడ్ యజమానులకు, మెయింటెనెన్స్ చూసేవారికి ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను. నా అంచనా ముందే చెబుతాను: రోప్ ఏ దారిన నడుస్తుంది, ఎక్కడ ఎంత బరువు మోస్తుంది అన్న విషయంలో వారి పట్టు మెచ్చదగినది, కొలతలు తీసుకోవడంలో ఒక పెద్ద లోపం జరిగింది, కాగితాల విషయంలో వారు చాలా అలసత్వం చూపారు.

పని ఒప్పుకునే ముందు క్రేన్‌ను పరిశీలించిన తీరుతోనే ఈ సంస్థ మీద మాకు గురి కుదిరింది. అంతకు ముందు కొటేషన్ కోసం పిలిపించిన మరో కాంట్రాక్టరు నేల మీదే నిలబడి, తలెత్తి చూసి, రోప్ సైజు మమ్మల్నే అడిగి రాసుకుని వెళ్లిపోయారు. ఈ సంస్థ ఇంజనీరు మాత్రం హుక్ బ్లాక్‌ను (హుక్‌నూ దాని పుల్లీలనూ పట్టి ఉంచే దిమ్మను) నేల మీద చెక్క దిమ్మెలపై ఆనించి, మెయిన్ స్విచ్ ఆపించి, దానికి తాళం వేయించి, తాళంచెవి తన జేబులో పెట్టుకున్న తరువాతే ఫిట్టరుతో కలిసి క్రాబ్ (దూలాల మీద అటూ ఇటూ నడిచే హాయిస్ట్ బండి) మీదికి ఎక్కారు. వెర్నియర్‌తో రోప్ వ్యాసం కొలిచేటప్పుడు రెండు పేటల (తీగలను పురి పెట్టి చేసిన పాయల) మధ్య పల్లం మీద కాక, ఎదురెదురు పేటల గట్ల మీద దవడలు ఆనేలా పట్టి, ఒకే చోట రెండు దిక్కులలో కొలిచారు. ఇది చిన్న విషయంలా కనిపించినా, పల్లంలో పట్టి కొలిస్తే అరిగిపోని రోప్ కూడా అరిగిపోయినట్టు చూపిస్తుంది, గట్ల మీద పట్టకపోతే ఆ కొలతకు అర్థమే ఉండదు.

మా లాగ్‌బుక్‌లో పాత రోప్ కొత్తగా వేసిన నాటి కొలత 16.4 మిల్లీమీటర్లని రాసి ఉంది. ఎక్కువగా నడిచే భాగంలో ఇప్పుడు అది 15.3కు దిగింది. ఉక్కు కోర్ (పేటల నడుమ ఉండే గుండె తాడు) ఉన్న ఆరు పేటల రోప్ వ్యాసం అంతటా ఒకే తీరుగా తగ్గుతూ వచ్చి, ఆ తగ్గుదల నామమాత్రపు వ్యాసంలో (రోప్‌కు చెప్పుకునే సైజులో) ఏడున్నర శాతానికి చేరితే దాన్ని తీసేయాలని క్రేన్ రోప్‌ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 4309 చెబుతుంది. 16 మిల్లీమీటర్ల రోప్‌కు ఆ హద్దు 1.2 మిల్లీమీటర్లు. మాది ఇంకా 1.1 దగ్గరే ఉంది కాబట్టి ఈ ఒక్క కొలత చూసుకుని ఇంకొన్నాళ్లు నడిపేద్దామనే వాదన మా ఆఫీసులో బలంగానే వినిపించింది. ఆ వాదన ఈక్వలైజర్ పుల్లీ దగ్గర ఆగిపోయింది.

మా క్రేన్‌లో రోప్ రెండు కొసలూ డ్రమ్ముకే బిగించి ఉంటాయి. డ్రమ్ముకు ఒక సగం మీద కుడి గాడి, మరో సగం మీద ఎడమ గాడి ఉంటాయి. ఎడమ వైపు నుంచి దిగిన రోప్ హుక్ బ్లాక్‌లోని మొదటి పుల్లీ కిందుగా తిరిగి పైకి వెళ్లి, క్రాబ్ మీద ఉన్న ఈక్వలైజర్ పుల్లీని దాటి, మళ్లీ దిగి రెండో పుల్లీ కిందుగా తిరిగి, డ్రమ్ము కుడి వైపుకు చేరుతుంది. ఇలా నాలుగు ఫాల్స్, అంటే హుక్ బ్లాక్‌ను పట్టి వేలాడే రోప్ వరుసలు, బరువు మోస్తాయి. రెండు వైపులా సమానంగా చుట్టుకోవడం వల్ల హుక్ పక్కకు జరగకుండా నిలువుగా లేస్తుంది. ఈక్వలైజర్ పని రెండు పక్కల బిగువును సమం చేయడమే కాబట్టి అది దాదాపుగా తిరగదు, దాని మీద ఉన్న రోప్ ముక్క ఏళ్ల తరబడి అక్కడే కూర్చుంటుంది. తిరగని పుల్లీ మీద ఉన్న రోప్ పాడవదనుకోవడం సహజం. జరిగేది వేరు: బరువు ఎక్కి దిగినప్పుడల్లా అక్కడ రోప్ కొద్దికొద్దిగా మెసలుతుంది, గ్రీజు ఎండిపోతుంది, సముద్రపు గాలి తెచ్చే ఉప్పు తేమ గాడిలో నిలిచిపోతుంది.

“చేత్తో ఎత్తి చూస్తే తప్ప ఇక్కడ సంగతి తెలీదండి” అంటూ సీనియర్ ఫిట్టరు వదులుగా ఉన్న రోప్‌ను చెక్క బద్దతో గాడిలోంచి పైకి లేపారు. అడుగు భాగంలో గ్రీజు నల్లటి పెచ్చుగా గట్టిపడి ఉంది, దాన్ని గీకగానే ఎర్రటి తుప్పు పొడి రాలింది. గుడ్డతో తుడిచి రోప్‌ను కొద్దిగా వంచగానే తెగిన తీగల కొసలు ముళ్లలా పైకి లేచాయి. వాటిలో కొన్ని పేటల గట్ల మీద ఉన్నవి కావు, పేటకూ పేటకూ మధ్య పల్లంలో తెగినవి. పల్లంలో తెగిన తీగ లోపలి కోర్ నలుగుతోందనడానికి గుర్తు కాబట్టి వాటిని మరింత తీవ్రంగా తీసుకోవాలి. ఇక రోప్ మార్పిడి గురించి మాలో ఎవరూ వాదించలేదు. ఏటా మా క్రేన్‌ను చూసి వెళ్లేవారిలో ఒక్కరూ ఆ చోట రోప్‌ను ఎత్తి చూడలేదన్నది ఇక్కడే చెప్పుకోవాలి.

ఎలాంటి రోప్ వేయాలన్న దాని మీద జరిగిన చర్చ ఈ సేవలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం. పది టన్నుల బరువుకు హుక్ బ్లాక్ సొంత బరువు సుమారు 200 కిలోలు కలిపి నాలుగు ఫాల్స్‌కు పంచితే ఒక్కో ఫాల్‌కు 2.55 టన్నులు వస్తుంది; పుల్లీల రాపిడిని కూడా కలుపుకుంటే 2.6 టన్నుల దాకా లెక్క వేసుకోవాలి. 16 మిల్లీమీటర్ల, 6×36 నిర్మాణం (ఆరు పేటలు, పేటకు 36 తీగల తరగతి), ఉక్కు కోర్, 1770 గ్రేడు (తీగ ఉక్కు బలాన్ని చెప్పే అంకె) రోప్ కనీస తెగే బలం సుమారు 161 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 16.4 టన్నులు. భాగిస్తే ఆరు రెట్లకు కాస్త పైన వస్తుంది. ఇంజనీరు ఈ లెక్కనంతా మా ముందే కాగితం మీద వేసి, ఆ కాగితాన్ని మాకే ఇచ్చి వెళ్లారు. తక్కువ ధర చెప్పిన మొదటి కాంట్రాక్టరు కొటేషన్‌లో అదే సైజు, అదే గ్రేడు ఉన్నా కోర్ మాత్రం నార కోర్. దాని బలం 15.2 టన్నుల దగ్గరే ఆగిపోతుంది. అంతకన్నా ముఖ్యంగా, పుల్లీ గాడిలో బరువు మీద నలిగే చోట ఉక్కు కోర్ ఇచ్చే ఆసరా నార కోర్ ఇవ్వలేదు. కొటేషన్‌లో ‘16 ఎంఎం వైర్ రోప్’ అని మాత్రమే రాసి ఉంటే ఈ తేడా కొనేవారికి కనిపించే అవకాశమే లేదు. రోప్ కొనేటప్పుడు వ్యాసంతో పాటు నిర్మాణం, కోర్, గ్రేడు, పురి దిక్కు నాలుగూ రాయించుకోవాలి.

ఈ సందర్భంలోనే మా ప్రొడక్షన్ వైపు నుంచి ఒక కోరిక వచ్చింది. హుక్ నిమిషానికి నాలుగు మీటర్లే లేస్తోంది, ఎలాగూ రోప్ విప్పుతున్నారు కాబట్టి నాలుగు ఫాల్స్ బదులు రెండే ఉంచితే వేగం రెట్టింపవుతుంది కదా అన్నది ఆ కోరిక. వేగం రెట్టింపవుతుందన్న మాట నిజమే. అయితే ఒక్కో ఫాల్ మీద బరువు అయిదు టన్నులు దాటుతుంది, ఆరు రెట్లున్న భద్రత మూడు రెట్ల చిల్లరకు పడిపోతుంది, డ్రమ్ము మీద, గేర్‌బాక్సు మీద, బ్రేకు మీద పడే మెలి బలం కూడా రెట్టింపవుతుంది. మోటారు అదే, బ్రేకు అదే. క్రేన్ మీద రాసి ఉన్న పది టన్నుల అంకె మాత్రం మారదు, కింద పెండెంట్ (క్రేన్‌ను నడిపే బటన్ల పెట్టె) పట్టుకున్న మనిషి ఆ అంకెనే నమ్ముతాడు. ఇంజనీరు ఒక్క మాటలో కాదనేసి ఊరుకోకుండా ఈ లెక్క వేసి చూపించి కాదన్నారు. డబ్బులిచ్చే వాళ్లు అడిగారు కదా అని తలూపే కాంట్రాక్టర్లను చూసినవారికి దీని విలువ తెలుస్తుంది.

మాటల్లో మాటగా, మేము అప్పుడప్పుడు అద్దెకు తెచ్చుకునే మొబైల్ క్రేన్‌ల గురించి కూడా అడిగాము. వాటిలో ఫాల్స్ సంఖ్యను పనిని బట్టి సైట్‌లోనే మారుస్తుంటారు కాబట్టి ప్రమాదం ఎక్కువని ఆయన అన్నారు. ఉదాహరణకు ఒక్క ఫాల్‌కు అనుమతించిన లాగుడు అయిదు టన్నులైతే, ఇరవై టన్నులకు నాలుగు ఫాల్స్ చాలనిపిస్తుంది. హుక్ బ్లాక్ బరువు, పుల్లీల రాపిడి కలిపితే చాలవు, అయిదు కావాలి. సరి సంఖ్య ఫాల్స్ అయితే రోప్ కొస బూమ్ (క్రేన్ చేయి) తల దగ్గర, బేసి సంఖ్య అయితే హుక్ బ్లాక్ మీద బిగుస్తుంది. కొత్త సంఖ్యను కేబిన్‌లోని లోడ్ ఇండికేటర్‌లో కూడా మార్చాలి, లేకపోతే అది తప్పుడు లెక్క చూపుతూ అంతా బాగుందనే అంటుంది. కొసను వెడ్జ్ సాకెట్‌లో (చీలతో రోప్ కొసను పట్టి ఉంచే గూడులో) బిగించినప్పుడు బరువు మోసే రోప్ సాకెట్ పిన్నుకు తిన్నగా వరుసలో ఉండాలి, మిగిలిన తోకను బరువు మోసే రోప్‌తో కలిపి క్లిప్పు వేయకూడదు. అద్దె క్రేన్ గేటు దాటి లోపలికి వచ్చినప్పుడు మా వాళ్లు ఇప్పుడు ముందుగా చూసేది ఆ సాకెట్‌నే.

ఇక అసలు పని. కొత్త రోప్ చెక్క రీలు మీద వచ్చింది. రీలు మధ్య షాఫ్టు దూర్చి, దాన్ని రెండు జాకీ స్టాండ్ల మీద ఎత్తి, రీలు ఊరికే తిరిగిపోకుండా ఒక పలక ముక్కను బ్రేకులా ఆనించారు. రోప్‌ను కట్టగా తెచ్చి నేల మీద పడేసి పక్కనుంచి లాగితే, నులక చుట్టను అలా లాగినప్పుడు పడినట్టే, ప్రతి చుట్టుకూ ఒక మెలిక పడుతుంది. వైర్ రోప్‌లో ఒకసారి బిగిసిన మెలికను ఎంత సాగదీసినా ఆ చోట పేటలు మునుపటిలా కూర్చోవు, ఆ ముక్కను కోసి పారేయవలసిందే. మన షెడ్లలో వైర్ రోప్‌లు అకాలంగా పోవడానికి అధిక బరువుల కన్నా ఈ మెలికలే ఎక్కువ కారణమని నాకు అనిపిస్తుంది.

పాత రోప్ కొసకు కొత్త రోప్‌ను వెల్డింగ్ చేసి లాగేసే పద్ధతి చాలాచోట్ల ఉంది. వీరు అలా చేయలేదు. రెండు కొసలకూ తీగ జాలీ తొడుగు ఎక్కించి, మధ్యలో స్వివెల్ (రెండు కొసలనూ విడివిడిగా తిరగనిచ్చే కొక్కెం) పెట్టారు. పాత రోప్‌లో ఏళ్లుగా పేరుకుపోయిన పురి, వెల్డింగ్ ఉంటే నేరుగా కొత్తదానిలోకి దిగుతుంది. స్వివెల్ ఉంటే అక్కడే తిరిగిపోతుంది. కోసే చోట ముందుగా మెత్తని ఇనుప తీగతో ఇరువైపులా గట్టి కట్లు వేసి, ఆ తరువాతే గ్రైండరుతో కోశారు. కట్లు వేయకుండా కోస్తే కొస దగ్గర పేటలు విచ్చుకుని, వాటి పురి రోప్ లోపలి దాకా సడలుతుంది. రోప్ నడిమి బిందువును తెల్ల పెయింటుతో గుర్తు పెట్టి, ఆ గుర్తు సరిగ్గా ఈక్వలైజర్ మీద కూర్చునేలా చూసి, అక్కడి నుంచి రెండు వైపులకూ సమానంగా పంచారు. ఈ గుర్తు ఇప్పటికీ మాకు పనికొస్తోంది: అది పుల్లీ మీది నుంచి పక్కకు జరిగితే ఏదో ఒక వైపు తేడా వచ్చిందని నేల మీద నుంచే తెలుస్తుంది.

పుల్లీల గాడులను గేజి పెట్టి చూడడం కొటేషన్‌లో లేదు, అయినా చేశారు. 16 మిల్లీమీటర్ల రోప్‌కు గాడి వ్యాసార్థం సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు ఉండాలి. హుక్ బ్లాక్‌లోని ఒక పుల్లీ గాడిలో గేజి అడుగు దాకా దిగలేదు. పాత రోప్ అరిగి సన్నబడేకొద్దీ గాడిని కూడా తన సన్నదనానికి తగ్గట్టు కోసుకుంటూ పోయింది, అడుగున పేటల అచ్చులు స్పష్టంగా పడి ఉన్నాయి. అందులో నిండు వ్యాసం ఉన్న కొత్త రోప్ వేస్తే రెండు గోడల మధ్య నొక్కుకుపోయి కొన్ని నెలల్లోనే తీగలు తెగడం మొదలవుతుంది. ఆ పుల్లీని మార్చారు, రెండో దాని బేరింగ్‌ను చేత్తో తిప్పి, గ్రీజు పట్టించి ఉంచారు. రోప్ వదులైనప్పుడు గాడిలోంచి బయటికి దూకకుండా అడ్డుపడే గార్డు ఒక పక్క వంగి ఉంటే దాన్నీ సరిచేశారు. పుల్లీకి అదనంగా డబ్బు తీసుకున్నారు. అది న్యాయమే.

డ్రమ్ము మీద ప్రతి కొసకూ రెండేసి క్లాంపు ప్లేట్లు బిగించి, ఖలాసీ ఒకరు చేతితొడుగులతో రోప్‌ను వెనక్కు పట్టి బిగువుగా ఉంచుతుండగా నెమ్మదిగా చుట్టారు. బరువు ఎక్కించక ముందే హుక్ బ్లాక్‌ను కిందికి దించి చూస్తే బ్లాక్ దాదాపు పావు చుట్టు పక్కకు తిరిగింది. రోప్‌లో ఇంకా కొంత పురి మిగిలి ఉందనడానికి అది గుర్తు. ఎత్తు ఎక్కువున్న క్రేన్‌లలో ఇది ముదిరితే నాలుగు ఫాల్స్ ఒకదానికొకటి పెనవేసుకుంటాయి. ‘బరువు ఎత్తితే అదే సర్దుకుంటుంది’ అని వదిలేయకుండా, ఫిట్టరు ఒక వైపు క్లాంపులు విప్పించి, కొసను స్వేచ్ఛగా తిరగనిచ్చి, పురి పోయిన తరువాత మళ్లీ బిగించారు. రెండోసారి బ్లాక్ తిన్నగా నిలిచింది. దీనికి గంటకు పైగా పట్టింది, ఎవరూ విసుక్కోలేదు.

ఇప్పుడు ఫిర్యాదు. మా క్రేన్ నేల నుంచి ఎనిమిది మీటర్లు ఎత్తుతుంది; అయితే షెడ్ తూర్పు చివర పొడవాటి షాఫ్టులను నిలువుగా దించడానికి మీటరున్నర లోతు గొయ్యి ఉంది. ఈ సంస్థ రోప్ పొడవును నేల మట్టం నుంచి లెక్క వేసి, గోడౌన్‌లోనే 45 మీటర్లకు కోయించి తెచ్చింది. హుక్ నేలను తాకినప్పుడు డ్రమ్ము మీద ఒక్కో వైపు మూడు చుట్లు మిగిలాయి, చూడడానికి అంతా బాగానే ఉంది. హుక్‌ను గొయ్యి అడుగు దాకా దించితే మాత్రం ఒక్కో వైపు నుంచి ఇంకో మూడు మీటర్లు విప్పుకుంటుంది. మా డ్రమ్ము మీద ఒక చుట్టు సుమారు 1.3 మీటర్లు, అంటే మిగిలేది ఒక్క చుట్టు కూడా కాదు. హుక్ అన్నిటికన్నా కింద ఉన్నప్పుడు కూడా కనీసం రెండు పూర్తి చుట్లు డ్రమ్ము మీద నిలిచి ఉండాలి, ఎందుకంటే బరువును నిజంగా ఆపేది ఆ చుట్ల రాపిడే. అవి పోతే మొత్తం బరువు క్లాంపు బోల్టుల మీద పడుతుంది, వాటిని అంత బరువు కోసం పెట్టరు.

గొయ్యి సంగతి నేను లేవనెత్తే దాకా వారికి తట్టలేదు. కొలత తీసుకునేటప్పుడు ‘మీ హుక్ వెళ్లే అట్టడుగు చోటు ఏది?’ అన్నది అడగవలసిన మొదటి ప్రశ్న. అడగకపోయినా దారి ఉంది: విప్పి నేల మీద పరిచిన పాత రోప్‌ను టేపు పెట్టి కొలిచినా తెలిసిపోయేది, తరువాత మేము కొలిస్తే అది 51 మీటర్లు తేలింది. వ్యాసాన్ని పదో వంతు మిల్లీమీటరు దాకా కొలిచిన వారు పొడవును ఊహ మీద వదిలేయడం నాకు మింగుడుపడలేదు. వారు వాదనకు దిగకుండా ఒప్పుకుని, కింది లిమిట్ స్విచ్‌ను (హుక్‌ను హద్దు దగ్గర ఆపే స్విచ్‌ను) నేల మట్టం దగ్గరే హుక్ ఆగిపోయేలా సెట్ చేసి, కావాలంటే రోప్ ధర మాత్రమే తీసుకుని కూలి లేకుండా కొత్తది వేస్తామన్నారు. తమ లెక్క తప్పినందుకు రోప్ ధర కూడా వారే భరించాలన్నది మా వాదన, అది ఎటూ తేలలేదు. గొయ్యిని మేము ఏడాదిలో కొద్దిసార్లే వాడతాము కాబట్టి ప్రస్తుతానికి పొడవాటి స్లింగులతో (బరువును హుక్‌కు తగిలించే తాళ్లతో) గడుపుతున్నాము. గొయ్యి పక్కన, పెండెంట్ మీద కూడా ‘హుక్ గొయ్యిలోకి దించరాదు’ అని రాయించాము.

లిమిట్ స్విచ్‌ల సెట్టింగు మిగతా విషయాల్లో సంతృప్తికరంగా ఉంది. రోప్ మారితే డ్రమ్ముకూ హుక్‌కూ ఉన్న లెక్క మారుతుంది కాబట్టి పాత సెట్టింగును నమ్మకూడదు. పైన గేర్‌తో నడిచే రోటరీ లిమిట్ ఒకటి, అది పని చేయకపోతే హుక్ బ్లాకే తగిలి కరెంటు తెంచే గ్రావిటీ లిమిట్ ఒకటి ఉన్నాయి. రెండింటినీ ఖాళీ హుక్‌తో, నెమ్మదిగా, విడివిడిగా పరీక్షించారు. హుక్ బ్లాక్ పైకి వెళ్లి క్రాబ్‌ను గుద్దుకుంటే కొత్త రోప్ అయినా పుటుక్కున తెగుతుంది.

ఆ తరువాత ఖాళీ హుక్‌తో నిండు ఎత్తు కొన్నిసార్లు, టన్ను బరువుతో మరికొన్నిసార్లు నడిపి, పేటలు సర్దుకోనిచ్చారు. అటు పిమ్మట వే బ్రిడ్జి మీద తూచిన ప్లేట్ల కట్టతో అయిదు టన్నులు, చివరికి పది టన్నులు ఎత్తి, నేలకు అడుగు ఎత్తున పది నిమిషాలు ఆపి, బ్రేకు జారుతోందేమో చూశారు. బరువు దించాక క్లాంపు బోల్టులను మళ్లీ బిగించారు. మొదటి బరువుకు రోప్ కొద్దిగా సన్నబడి బోల్టులు వదులవడం మామూలే. పరీక్ష జరిగినంత సేపూ క్రేన్ నడిచే దారి పొడవునా తాళ్లు కట్టి, మా కుర్రవాళ్లనందరినీ బయటికి పంపించేశారు. 2020 ఆగస్టు 1న ఇదే ఊళ్లో హిందుస్థాన్ షిప్‌యార్డులో పరీక్షిస్తున్న భారీ క్రేన్ కూలి 11 మంది చనిపోయిన సంగతి ఇక్కడ పనిచేసేవారెవరూ మరచిపోలేదు. దాని కారణాలు వేరు, క్రేన్ స్థాయి వేరు. అయినా పరీక్ష సమయంలో అవసరం లేని మనిషి ఒక్కరు కూడా దగ్గర ఉండకూడదని ఖలాసీలు పట్టుబట్టినప్పుడు మా వాళ్లెవరూ ఎదురు చెప్పలేదు.

కాగితాల దగ్గర ఈ సంస్థ బాగా వెనకబడింది. రోప్‌తో పాటు తయారీదారు ఇచ్చిన టెస్టు సర్టిఫికెట్ జిరాక్సు ఇచ్చారు కానీ అందులోని రీలు నంబరుకూ, మా షెడ్‌కు వచ్చిన రీలు మీది నంబరుకూ పొంతన లేదు. సరైన సర్టిఫికెట్ కోసం వారాల తరబడి ఫోన్లు చేయవలసి వచ్చింది. అది చేతికి వచ్చే దాకా ఆ రోప్ నిజంగా 1770 గ్రేడే అనడానికి మా దగ్గర వారి మాట తప్ప ఆధారం లేదు. పుల్లీ మార్చినట్టు, లిమిట్లు సెట్ చేసినట్టు, బరువు పరీక్ష చేసినట్టు రాతపూర్వకంగా ఇచ్చిన సర్వీసు రిపోర్టు ఒకే పేజీ, అందులో రోప్ కొత్త వ్యాసం కొలత లేదు. అది మేమే కొలిచి 16.4 అని లాగ్‌బుక్‌లో రాసుకున్నాము. తరువాత ఎప్పుడు ఎంత అరిగిందో చెప్పడానికి ఆ తొలి కొలతే ఆధారం కాబట్టి దాన్ని వదిలేయడం సరికాదు. ఇంకో సంగతి: క్రేన్‌లను, రోప్‌లను ఏడాదికి కనీసం ఒకసారి అర్హత ఉన్న వ్యక్తి చేత క్షుణ్ణంగా పరీక్ష చేయించాలని 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్ చెప్పింది. ఆ పరీక్ష చేసి సంతకం పెట్టే అధికారం ఈ సంస్థకు లేదు, అది వేరుగా చేయించుకోవాలి. ఈ సంగతిని వారు మొదటే దాచకుండా చెప్పారు.

ధర విషయానికొస్తే, మొదటి కాంట్రాక్టరు అడిగినదాని కన్నా వీరి బిల్లు సుమారు మూడో వంతు ఎక్కువ. అందులో ఉక్కు కోర్ రోప్‌కు పోయింది కొంత, పుల్లీకి కొంత, రెండు రోజుల కూలి మిగతాది. పాత రోప్‌ను తుక్కు కింద తామే తీసుకుని బిల్లులో తగ్గిస్తామన్నారు, మేము ఒప్పుకోలేదు. తీసేసిన రోప్‌ను ముక్కలుగా కోయించి అమ్మాము, ఎందుకంటే ఆటోనగర్‌లో పాత క్రేన్ రోప్ కోయకుండానే బయటికి పోతే ఎక్కడో ఒక చోట స్లింగుగా మారి మళ్లీ ఎవరి తల మీదో వేలాడుతుంది.

క్రేన్ ఇప్పుడు రోజూ నడుస్తోంది, హుక్ బ్లాక్ తిన్నగా దిగుతోంది, ఈక్వలైజర్ మీది తెల్ల గుర్తు జరగలేదు. పక్క బేలో ఉన్న అయిదు టన్నుల క్రేన్ రోప్ కూడా హద్దుకు దగ్గర పడుతోంది. ఆ పనికి వీరినే పిలుస్తున్నాము, కాకపోతే ఈసారి ఆర్డరులోనే మూడు షరతులు రాశాము: పాత రోప్‌ను కొలిచిన తరువాతే కొత్తది కోయాలి, రీలు నంబరు ఉన్న అసలు సర్టిఫికెట్ రోప్‌తో పాటే రావాలి, కొత్త రోప్ వ్యాసం, డ్రమ్ము మీద మిగిలిన చుట్ల సంఖ్య రిపోర్టులో ఉండాలి. మొదటి రెండింటికీ వెంటనే సరేనన్నారు. మూడోదానికి తమ దగ్గర ఉన్న ఫారంలో గడి లేదన్నారు. పెన్నుతో రాసి సంతకం పెట్టినా చాలని చెప్పాము.